జరగని కాలపరీక్ష: లూయీజ్ ఫారెంక్‌పై ఒక స్థిరాభిప్రాయానికి ఖండన

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి సంగీతానికి రాసిన చరిత్రలలో లూయీజ్ ఫారెంక్ పేరే ఎత్తనివి చాలాకాలం ఎక్కువగా ఉండేవి. ఎత్తిన గ్రంథాలు కూడా ఆమెను పియానో చక్కగా నేర్పిన అధ్యాపకురాలిగా, రచనలో వ్యాకరణం తప్పని విదుషిగా రెండు వాక్యాలలో మెచ్చుకొని, జర్మన్ మహాస్వరకర్తల అడుగుజాడలు దాటి సొంత బాట వేసుకోలేకపోయింది గనుక కాలపరీక్షకు నిలవలేదని మూడో వాక్యంలో తేల్చేసేవి. ఆ తీర్పు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆమె సింఫనీలు మళ్లీ కచేరీ వేదికలెక్కుతున్న ఈ రోజుల్లో కూడా, అది అంత గొప్ప సంగీతమే అయితే నూరేళ్లకు పైగా ఎవరికీ పట్టకుండా ఎలా పడివుందన్న ప్రశ్న వినిపిస్తూనే ఉంది. ప్రశ్నలా కనిపిస్తున్నా అది ఆ పాత తీర్పే. పైకి ఎంతో తూకంగా కనబడే ఈ వాదానికి పునాదిలోనే లోపం ఉంది. పరీక్షలో తప్పారనాలంటే ముందు పరీక్షంటూ జరగాలి. ఫారెంక్ రాసిన పెద్ద రచనల విషయంలో అది జరగలేదు.

1804 మే 31న పారిస్‌లో పుట్టిన ఆమె పుట్టింటి పేరు జాన్ లూయీజ్ డ్యూమాన్. డ్యూమాన్‌లది తరతరాలుగా శిల్పుల వంశం. తండ్రి జాక్ ఎడ్మ్ డ్యూమాన్, అన్న ఆగ్యుస్త్ డ్యూమాన్ ఇద్దరూ శిల్పులే. పియానోలో మోషెలెస్, హుమ్మెల్ వంటి ఆనాటి ప్రసిద్ధుల దగ్గర మెరుగుదిద్దుకున్న ఆమె, పదిహేనేళ్ల వయసులో ఆంటన్ రైఖా దగ్గర స్వరరచనాశాస్త్రం, అంటే అనేక స్వరాలను ఏకకాలంలో పొందుపరిచే పద్ధతినీ, ఒక చిన్న స్వరబీజాన్ని పెద్ద నిర్మాణంగా పెంచే పద్ధతినీ బోధించే విద్య, అభ్యసించడం మొదలుపెట్టింది. పారిస్ కన్జర్వేటరీలో, అనగా ప్రభుత్వం నడిపే సంగీత విద్యాలయంలో, ఆ విద్యకు సంబంధించిన తరగతి అప్పట్లో ఆడపిల్లలకు నిషిద్ధం గనుక రైఖా ఆమెకు విడిగా పాఠం చెప్పాడు. 1821లో వేణువాద్యకారుడూ తర్వాత సంగీత ప్రచురణకర్తా అయిన అరిస్టీడ్ ఫారెంక్‌ను పెళ్లాడింది. 1826లో కూతురు విక్టరీన్ పుట్టింది. 1842లో అదే కన్జర్వేటరీలో పియానో ఆచార్య పదవి పొంది 30 ఏళ్లు పనిచేసింది. 1875 సెప్టెంబర్ 15న పారిస్‌లోనే కన్నుమూసింది.

ఆమె సమకాలికులు ఆమెను గుర్తించలేదన్నది స్థిరాభిప్రాయంలో మొదట కూలవలసిన భాగం. పియానో కోసం ఆమె రాసిన ఒక రష్యన్ రాగపు వైవిధ్యాలను, అంటే ఒకే మట్టును రకరకాలుగా మార్చి వాయించే రచనను, 1836లో లైప్‌చిగ్ నుంచి స్వరకర్త షూమన్ తన పత్రికలో మెచ్చుకుంటూ సమీక్షించాడు. పాశ్చాత్య సంగీతంలోని 24 శ్రుతిస్థానాలనూ చుట్టివచ్చేలా ఆమె కూర్చిన 30 ఎట్యూడ్‌లను, అనగా వేళ్ల నైపుణ్యాన్నీ సంగీత జ్ఞానాన్నీ కలిపి సాధన చేయించే అభ్యాసరచనలను, కన్జర్వేటరీ 1845లో తన పాఠ్యంగా స్వీకరించింది. మొదటి సింఫనీ 1845లో బ్రసెల్స్‌లో వినిపించింది. మూడోదాన్ని 1849లో పారిస్ కన్జర్వేటరీ కచేరీల సంఘం, ఆ కాలపు ఫ్రాన్స్‌లో అంతకు మించిన వాద్యబృందం లేదని పేరుపొందిన సంస్థ, బీథోవెన్ అయిదో సింఫనీ ఉన్న కార్యక్రమంలోనే వాయించింది. తొమ్మిది వాద్యాలకు రాసిన నోనెట్‌ను 1850లో తొలిసారి వాయించినప్పుడు వయొలిన్ పట్టినవాడు యోసెఫ్ యోఆఖిమ్, తర్వాతి రోజుల్లో జర్మన్ స్వరకర్త బ్రామ్స్‌కు ఆప్తమిత్రుడై ఐరోపా అంతటా వెలిగిన విద్వాంసుడు. 1861లో, మళ్లీ 1869లో, ఫ్రెంచి లలితకళల అకాడమీ చాంబర్ సంగీతానికి, అంటే కొద్దిమంది వాద్యకారులు మాత్రమే కలిసి వాయించే సంగీతానికి, ఇచ్చే షార్టియె పురస్కారం ఆమెకు దక్కింది. ఇంత జరిగిన మనిషిని బతికుండగానే ఎవరూ పట్టించుకోలేదనడం చరిత్రకు పొసగదు.

అయితే ఆ కీర్తి ఆమె తర్వాత ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిందే. దాన్ని సంగీతపు నాణ్యతలో వెతికేముందు, సింఫనీ అనే వస్తువు ఎలా బతుకుతుందో చూడాలి. సింఫనీ అంటే సాధారణంగా నాలుగు భాగాలుగా, అరగంటకు అటూఇటూగా నడిచే, మాటలు లేని వాద్యబృంద రచన. దాన్ని వినిపించాలంటే అయిదారు పదుల మంది వాద్యకారులు కావాలి. వారు వాయించే ప్రతి వాద్యానికీ దాని వంతు స్వరాలు మాత్రమే రాసిన విడి ప్రతి కావాలి. అందరినీ నడిపించే నిర్దేశకుడి ముందు అన్ని వంతులూ ఒకే పేజీలో కనిపించే పూర్తి స్వరలిపి ఉండాలి. ఇవి అచ్చులో ఉంటే వియన్నాలోనో లండన్‌లోనో ఉన్న నిర్దేశకుడు వాటిని కొని తెప్పించుకొని వాయిస్తాడు. అచ్చులో లేకపోతే స్వరకర్త సొంత ఖర్చుతో చేతిరాత ప్రతులు తీయించుకోవాలి, హాలు అద్దెకు తీసుకోవాలి, వాద్యకారులకు రొక్కం ముట్టజెప్పాలి. ఆమె సమకాలికుడైన ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ తన జీవితమంతా చేసింది అదే. తన రచనలను తానే నిర్దేశిస్తూ జర్మనీ, రష్యా, ఇంగ్లండ్ తిరిగి అప్పులపాలైనా వాటిని బతికించుకున్నాడు. వాద్యబృందం ముందు నిలబడి నిర్దేశించే పని ఆ రోజుల్లో స్త్రీకి అందనిది. ఫారెంక్ మూడు సింఫనీలలో ఒక్కదాని పూర్తి స్వరలిపి కూడా ఆమె జీవితకాలంలో అచ్చు కాలేదు.

ఇంట్లోనే ప్రచురణకర్త ఉండగా అచ్చు కాకపోవడమేమిటన్న సందేహం సహజం. కానీ ఈ ఒక్క సంగతే అసలు కారణాన్ని బయటపెడుతుంది. భార్య ప్రతిభను మనసారా నమ్మిన అరిస్టీడ్ ఆమె పియానో రచనలను ప్రచురించాడు, ఎందుకంటే పియానో ఉన్న ప్రతి మధ్యతరగతి ఇల్లూ వాటికి గిరాకీయే. సింఫనీ పూర్తి స్వరలిపిని కొనేవారు పారిస్‌లో ఎందరని! అక్కడ ధనం, ప్రచారం, పత్రికల చూపు అన్నీ ఒపేరా చుట్టే తిరిగేవి. బ్రసెల్స్‌లో కన్జర్వేటరీ అధిపతిగా ఉండి, సంగీతజ్ఞుల జీవితచరిత్ర కోశం కూర్చిన ఫెటిస్ ఆమె బతికుండగానే ఈ విషయం స్పష్టంగా రాశాడు: పెద్ద వాద్యరచనలకు కావలసిన సాధనసంపత్తిని స్వరకర్త సంపాదించుకోవడం బ్రహ్మప్రళయమనీ, శ్రోతలు రచన మంచిచెడ్డలను రచయిత పేరుబట్టి కొలుస్తారనీ, ప్రచురణకర్తలు చిల్లర సరుకుకే విజయం ఉంటుందని నమ్మి మంచి రచన ఎదురైతే చెవులు మూసుకుంటారనీ ఆయన వాపోయాడు. తర్వాతి తరాలు కాలానికి అంటగట్టిన నిర్ణయం నిజానికి అంగడి నిర్ణయమని ఆనాడే తెలిసినవారికి తెలుసు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక తేడా గుర్తుచేయాలి. ఫారెంక్ మూడో సింఫనీ రాసిన 1847వ సంవత్సరంలోనే తిరువయ్యారులో త్యాగరాజు సిద్ధిపొందాడు. ఆయన కృతులు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యుల గొంతులలో, వాళ్లు రాసుకున్న ప్రతులలో బతికి తర్వాతి తరానికి అందాయి. అచ్చు యంత్రం దయ వాటికి అక్కరలేకపోయింది. సింఫనీకి ఆ వెసులుబాటు లేదు. ఎంత భక్తిగల శిష్యురాలైనా పదిహేను వంతుల వాద్యసంగీతాన్ని గొంతులో మోయలేదు. కాగితం బీరువాలోకి వెళ్లిన రోజే సింఫనీ నోరు మూగబోతుంది.

దీనికి మగవాడి ఉదాహరణే తీసుకుంటే వాదం ఇంకా తేటపడుతుంది. కార్మెన్ ఒపేరాతో లోకప్రసిద్ధుడైన బిజే, 17 ఏళ్ల వయసులో, 1855లో, ఒక సింఫనీ రాశాడు. అతని జీవితకాలంలో అది అచ్చు కాలేదు, ఎవరూ వాయించలేదు. 1930లలో ఆ చేతిరాత ప్రతి కన్జర్వేటరీ గ్రంథాలయంలో బయటపడింది. 1935లో బాసెల్‌లో వైన్‌గార్ట్‌నర్ నిర్దేశకత్వంలో తొలిసారి వినిపించింది. ఇవాళ అది ప్రపంచమంతటా వాద్యబృందాలు ఇష్టపడి వాయించే రచన. ఆ 80 ఏళ్లపాటు కాలం బిజే సింఫనీని పరీక్షించి తప్పించిందని ఏ చరిత్రకారుడూ రాయలేదు. కాగితం కనబడలేదని మాత్రమే రాశారు. దాదాపు ఇలాంటి స్థితిలోనే ఉన్న ఫారెంక్ విషయానికి వచ్చేసరికి కాగితం మాట మరచిపోయి ప్రతిభ మాట ఎత్తడం ఏ తర్కానికి నిలుస్తుంది?

బయటి ఉదాహరణతో పనిలేకుండా ఆ కుటుంబంలోనే సాక్ష్యం ఉంది. అన్న ఆగ్యుస్త్ డ్యూమాన్ 1823లో రోమ్ బహుమతి, అంటే ఎంపికైన యువకళాకారుడిని ప్రభుత్వ ఖర్చుతో రోమ్ నగరానికి పంపి చదివించే అత్యున్నత పురస్కారం, గెలుచుకున్నాడు; సంగీతంలోనూ ఉన్న ఆ పోటీ తలుపులు స్త్రీలకు తెరుచుకున్నది 1903లో. పారిస్ బస్తీయ్ కూడలిలోని జూలై స్తంభం కొన మీద, ఒక చేత దివిటీ, మరో చేత తెగిన సంకెలతో, ఒంటికాలి మీద ఎగరబోతున్నట్టున్న బంగారు పూత స్వాతంత్ర్యమూర్తి ఆగ్యుస్త్ చేసినదే. ఆ కూడలిలో నడిచే ఎవరైనా తలెత్తితే చాలు అది కనబడుతుంది. చెక్కినవాడి పేరు తెలియకపోయినా, విమర్శకుడు మెచ్చకపోయినా లోహం అక్కడే ఉంటుంది. చెల్లెలి పనిని చూడాలంటే యాభైమంది కలిసి కూర్చోవాలి. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరి పేర్ల గతి వేరవడానికి ప్రతిభలో తేడా వెతకడం కంటే కంచుకూ కాగితానికీ ఉన్న తేడా చూడడం న్యాయం.

ఇక రెండో ఆరోపణ, ఆమె సంగీతం జర్మన్ అనుకరణ, పండితుల సాము అన్నది. ఇందులో సత్యలేశం ఉంది. ఇటాలియన్ ఒపేరా మట్లమీద ఆమె యౌవనంలో రాసిన కొన్ని వైవిధ్యాలు ఆనాటి డ్రాయింగు గది మోజును తీర్చడానికి రాసినవే. అవి మరుగునపడితే సంగీతలోకానికి పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఆరోపణ గురిపెట్టింది వాటిమీద కాదు, సింఫనీల మీద, చాంబర్ రచనల మీద. అక్కడే అది తప్పుతుంది. 1840ల పారిస్‌లో కాలానికి లొంగడమంటే ఒపేరా రాయడం, లేదా ప్రసిద్ధ ఒపేరా పాటలను పియానో మీద పటాటోపంగా వాయించి చప్పట్లు కొట్టించుకోవడం. పియానో వాద్యకారులు హెర్జ్, తాల్‌బెర్గ్ ధనవంతులైన దారి అది. ఆ దారిలో అడుగుపెట్టి చూసి, తిరిగివచ్చి, కొనేవాళ్లు లేని సింఫనీని ఎంచుకున్న మనిషిని సంప్రదాయానికి దాసురాలనడం, ఏటికి ఎదురీదేవాణ్ణి కొట్టుకుపోయాడనడం లాంటిది. ఫ్రాన్స్‌లో వాద్యసంగీతాన్ని నిలబెట్టడానికి స్వరకర్త సాఁసాన్స్ తదితరులు జాతీయ సంగీత సమాజం స్థాపించింది 1871లో. ఆ పనిని ఫారెంక్ అంతకు మూడు దశాబ్దాల ముందు ఒంటరిగా, సమాజమేదీ వెన్నంటి లేకుండా చేసింది.

పాండిత్యం ఊహాశక్తిని చంపుతుందన్న నమ్మకం ఈ ఆరోపణ వెనక దాగి ఉంది. ఫారెంక్‌కు పాండిత్యం ఇచ్చిన రైఖా దగ్గరే బెర్లియోజ్ చదివాడు. లిస్ట్, గునో, సెజార్ ఫ్రాంక్ కూడా ఆయన పాఠం విన్నవారే. గురువు ఒక్కడే అయినప్పుడు ఆ చదువు ఒకరికి రెక్కలై, మరొకరికి సంకెళ్లు కావడం విడ్డూరం. బీథోవెన్ ఛాయల సంగతికొస్తే, బ్రామ్స్ మొదటి సింఫనీ వెలువడింది 1876లో, ఫారెంక్ పోయిన మరుసటి ఏడు. దాని చివరి భాగంలోని ప్రధాన మట్టు బీథోవెన్ తొమ్మిదో సింఫనీని తలపిస్తుందని విన్న ప్రతివారూ అన్నారు. అక్కడ అది వారసత్వమైంది. ముప్ఫై ఏళ్ల ముందే అదే వారసత్వాన్ని అందుకున్న పారిస్ స్త్రీ దగ్గర మాత్రం అది అనుకరణ అయింది.

ఆరోపణకు అసలు జవాబు రచనలోనే ఉంది. మూడో సింఫనీలో ఆర్భాటమైన ఆరంభం లేదు. ఓబో అనే సన్నని సుషిరవాద్యం ఒక్కటే, కింద ఏ ఆధారశ్రుతీ లేకుండా, గాలిలో నిలిపిన ప్రశ్నలా ఒక పలుకు పలుకుతుంది. తక్కిన సుషిరవాద్యాలు ఒక్కొక్కటిగా వచ్చి దాని పక్కన చేరిన తర్వాత గాని వేగం అందుకోదు. వాద్యబృందంలో ట్రంపెట్లు లేవు. హెచ్చు గొంతుతో గెలిచే సులువును ఆమె తనంతట తానే వదులుకుంది. నెమ్మది నడకగల రెండో భాగంలో క్లారినెట్ మట్టును ఎత్తుకోగా, కొమ్ము వాద్యాలూ బసూన్లూ దాని కింద పరుపులా పరుచుకుంటాయి, ఆ మెత్తని గుంపులో కెటిల్ డ్రమ్ములు ఉరమకుండా మెల్లగా సవ్వడి చేస్తాయి. యుద్ధానికీ పిడుగుకీ వాడే వాద్యాన్ని ఇలా గుసగుసకు దించడం అనుకరించేవారికి తోచే ఆలోచన కాదు. చివరి భాగంలో తంత్రీవాద్యాలన్నీ ఒక్క గొంతుగా విరుచుకుపడి, విషాదఛాయగల మైనర్ శ్రుతిలో మొదలైన రచన మైనర్‌లోనే ముగుస్తుంది. చీకటి నుంచి వెలుగులోకి నడిచి విజయఘోషతో ముగియడమన్న బీథోవెన్ అయిదో సింఫనీ పద్ధతిని, ఆ రచన వినిపించిన కార్యక్రమంలోనే, ఆమె పాటించలేదు. నోనెట్‌లోనూ ఇదే చూపు: అయిదు సుషిరవాద్యాలు, నాలుగు తంత్రీవాద్యాలు, వాటిలో ఏదీ మరొకదానికి పనిమనిషి కాదు, రెండో భాగంలోని వైవిధ్యాలలో మట్టు చేతులు మారుతూ పోతుంది, మూడో భాగం తంత్రులను వేళ్లతో మీటే చప్పుడుతో చిలిపిగా మొదలవుతుంది. ఇది బెర్లియోజ్ చేసే సాహసం వంటిది కాదు, ఆయనతో పోటీకి రాసినదీ కాదు. అంతమాత్రాన పాఠ్యపుస్తకమూ కాదు.

ఈ స్థిరాభిప్రాయానికి ఈ మధ్య ఒక జంట అభిప్రాయం పుట్టింది. దయతో పుట్టిన మాట గనుక దాన్ని ఖండించడం కష్టం, కానీ ఖండించక తప్పదు. ఫారెంక్ మరుగునపడ్డది కేవలం స్త్రీ అయినందువల్లనేననీ, ఆమె కథ ప్రధానంగా అణచివేత కథ అనీ ఈ వాదం చెబుతుంది. మగ సహోద్యోగుల కన్నా తక్కువ జీతమిస్తున్న కన్జర్వేటరీని ఆమె ప్రశ్నించి, నోనెట్ విజయం తర్వాత 1850లో సమాన వేతనం సాధించిన వైనం ఈ కథకు పతాకసన్నివేశం. అది జరిగిన మాటే, గౌరవించవలసిన మాటే. ఆమెకు అమ్మాయిల తరగతినే అప్పగించడం, అన్నకు దొరికిన బహుమతి పోటీ ఆమెకు మూసివుండడం, మెచ్చుకున్న పెద్దలు సైతం ఆడవారిలో అరుదైన ప్రతిభ అని బెర్లియోజ్ అన్నట్టు, మగవాడికి దీటైన పొంకమని ఫెటిస్ అన్నట్టు లింగభేదపు కొలబద్దతోనే కొలవడం, ఇవన్నీ ఆనాటి సమాజం నేరాలే. అయినా అంతా దీనికే కట్టబెడితే, అదే ఫ్రాన్స్‌లో అదే రకం సంగీతం రాసి, 36 తంత్రీవాద్య చతుష్టయాలూ 34 పంచకాలూ అచ్చేయించుకొని, ఫ్రెంచి బీథోవెన్ అనిపించుకున్న జార్జ్ ఆన్‌స్లో పేరు ఇవాళ ఎందరికి తెలుసో చెప్పవలసి వస్తుంది. ఆయన మగవాడు, సంపన్నుడు. ఆ సంగీత ప్రక్రియ పట్ల పారిస్ నిర్లక్ష్యం ఇద్దరినీ ముంచింది. ఫారెంక్ నెత్తిన అదనంగా స్త్రీత్వపు సుంకం పడింది. అంతకన్నా చిక్కు ఏమిటంటే, దయగల వాదం కూడా పాత తీర్పులాగే మనిషిని చూపించి రచనను పక్కన పెడుతుంది. వేతనపు కథ చెప్పిన ప్రతిచోటా నోనెట్ ఎలా ధ్వనిస్తుందో కూడా చెబితే ఈ ఫిర్యాదుకు చోటుండేది కాదు.

1859లో, పియానోలో కన్జర్వేటరీ ప్రథమ బహుమతి పొందిన కూతురు విక్టరీన్ 33 ఏళ్లు నిండకముందే చనిపోయింది. ఆ తర్వాత ఫారెంక్ పెద్ద రచన ఏదీ చేపట్టలేదు. దాని బదులు, భర్తతో కలిసి, 1865లో ఆయన పోయిన తర్వాత ఒంటరిగా, ‘పియానో వాద్యకారుల నిధి’ అనే అర్థం వచ్చే పేరుతో 23 సంపుటాల సంకలనం వెలువరించింది. 1861లో మొదలైన ఆ గ్రంథమాలలో ఫ్రెస్కోబాల్డి, కూప్రాఁ, డొమెనికో స్కార్లాటి, బాఖ్ మొదలైనవారి కీబోర్డు రచనలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం అప్పటికి దుమ్ముకొట్టుకొని, వాయించేవారూ అలంకారగుర్తులను చదవగలిగేవారూ లేక పడివున్నవి. ఆ గుర్తులు ఎలా వాయించాలో ఆమె వివరించింది. తన శిష్యురాళ్లతో కలిసి చారిత్రక కచేరీలు ఏర్పాటుచేసి పాత సంగీతాన్ని జనానికి వినిపించింది. నూరూ నూటయాభై ఏళ్లుగా ఎవరూ ముట్టని రచనలను చూసి కాలం వాటిని తప్పించిందని ఆమె అనుకోలేదు. ముందు అచ్చువేసింది, తర్వాత వాయించింది, ఆ తర్వాత శ్రోతలను తీర్పు చెప్పమంది. చరిత్రకారులు ఆమెకే ఆ వరస పాటించలేదు.

ఆమె సింఫనీల చేతిరాత ప్రతులు పారిస్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగానే ఉన్నాయి, ఎవరూ వాటిని కాల్చలేదు, దాచలేదు. ఆమె వాద్యబృంద రచనలను శాస్త్రీయంగా పరిష్కరించి ముద్రించే పని జర్మనీలో 1990ల చివర మొదలైంది, ఆమె పోయిన 120 ఏళ్లకు పైబడి. కాలపరీక్ష అంటూ ఒకటుంటే దాని మొదటి రోజు అదే.